ఎముకల మందు వాడుతున్నారా? పంటి ఇంప్లాంటుకు ముందే చెప్పండి

అమలాపురం: ఎముకలు గుల్లబారకుండా వాడే మందుకూ, ఊడిన పంటి స్థానంలో అమర్చే ఇంప్లాంటుకూ సంబంధం ఉంటుందని చాలామంది ఊహించరు. నడుము నొప్పికో, తుంటి విరిగినప్పుడో వైద్యుడు రాసిన మాత్ర సంగతి దంత వైద్యుని వద్ద ప్రస్తావనకు రాదు. ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే మందయితే రోజువారీ మందుల చీటీలోనే కనిపించదు. ఈ మరుపు అరుదుగానైనా దవడ ఎముక దెబ్బతినడానికి దారితీయవచ్చు. అలాగని భయపడి మందును సొంతంగా మానివేయడమూ ప్రమాదమే.

ఏ మందులు?

అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్ మాత్రలను సాధారణంగా వారానికొకటి, ఐబాండ్రోనేట్‌ను నెలకొకటి వాడతారు. జోలెడ్రోనిక్ ఆమ్లాన్ని ఏడాదికొకసారి నరం ద్వారా ఎక్కిస్తారు. వీటిని బిస్ఫాస్ఫోనేట్లు అంటారు. డెనోసుమాబ్ వేరే తరహా మందు. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇస్తారు. క్యాన్సర్ ఎముకలకు పాకినవారికి జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్‌లను ఇంతకంటె ఎక్కువ మోతాదులో, తరచుగా ఇస్తారు.

దవడకు ఏమవుతుంది?

శరీరంలో పాత ఎముక కరుగుతూ, కొత్త ఎముక ఏర్పడుతూ ఉంటుంది. ఈ మందులు కరిగే ప్రక్రియను నెమ్మదింపజేసి ఎముకను కాపాడతాయి. కానీ పన్ను తీసినప్పుడు, ఇంప్లాంటు కోసం ఎముకలో రంధ్రం చేసినప్పుడు గాయం మానడానికి ఆ ప్రక్రియే అవసరం. అది మందగించి, నోటిలోని సూక్ష్మక్రిములు చేరితే కొందరిలో దవడ ఎముక చచ్చుబడి చిగురు నుంచి బయటపడుతుంది. ఎనిమిది వారాలు దాటినా ఎముక కప్పుకోకుంటే, దవడకు రేడియేషన్ చికిత్స జరగకుంటే దీనిని మందుల వల్ల కలిగిన దవడ ఎముక క్షయంగా నిర్ధారిస్తారు. ఇది పై దవడ కంటె కింది దవడలోనే ఎక్కువ.

అమెరికాలోని మయామీకి చెందిన శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ 2003లో ఇటువంటి 36 మంది రోగుల వివరాలను ప్రచురించిన తర్వాత వైద్యలోకం దీనిపై దృష్టి సారించింది. 19వ శతాబ్దంలో అగ్గిపుల్లల కర్మాగారాలలో తెల్ల భాస్వరం ఆవిరి పీల్చిన కార్మికుల దవడలు కూడా ఇదే రీతిలో దెబ్బతినేవి.

ముప్పు ఎవరికి ఎంత?

అమెరికా నోటి, దవడ శస్త్రవైద్యుల సంఘం 2022లో సవరించిన పత్రం ప్రకారం, ఎముకల గుల్లతనానికి బిస్ఫాస్ఫోనేట్లు వాడేవారిలో 10,000 మందికి 2 నుంచి 5 గురికి ఈ సమస్య రావచ్చు. డెనోసుమాబ్ వాడేవారిలో 4 నుంచి 30 మందికి రావచ్చు. క్యాన్సర్ మోతాదు తీసుకునేవారికి ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల వారికి ఇంప్లాంట్లు వద్దనే ఆ సంఘం సూచిస్తోంది. గుల్లతనానికి వాడేవారికి నిషేధం లేదు. అయితే స్వల్పమైన ముప్పు ఉన్నదని ముందే వివరించాలి. ఇంప్లాంటు కుదురుకున్న తర్వాత చాలాకాలానికి సమస్య తలెత్తిన సందర్భాలూ నమోదయ్యాయి.

ఏళ్ల తరబడి మందు వాడకం, స్టెరాయిడ్లు, అదుపులో లేని మధుమేహం, చుట్ట, బీడీ, చిగుళ్ల వ్యాధి ఈ ముప్పును పెంచుతాయి.

మందు ఆపవచ్చా?

బిస్ఫాస్ఫోనేట్లు ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. నాలుగు రోజులు మానినంత మాత్రాన ఫలితం ఉండదు. డెనోసుమాబ్ అలా నిలవదు. తదుపరి మోతాదు బాగా ఆలస్యమైతే వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగే ప్రమాదం ఉంది. అందుచేత దీనిని వాడేవారికి మందు ఆపకుండా, చివరి సూది వేసిన మూడు నాలుగు నెలలకు శస్త్రచికిత్స జరిగేలా వైద్యులు సమయం కుదుర్చుతారు. ఈ నిర్ణయం ఎముకల వైద్యుడు, దంత వైద్యుడు కలిసి తీసుకోవలసినది. రక్త పరీక్ష ఒక్కదానితో ముప్పును తేల్చడం సాధ్యం కాదు.

ముందే చేయవలసినవి

మందు మొదలుపెట్టక ముందే నోటిని పరీక్ష చేయించుకోవడం ఉత్తమం. తీయవలసిన పళ్లు తీయించి, గాయం మానిన తర్వాత మందు ప్రారంభించవచ్చు. కోనసీమ వాసులు ఎముకల వైద్యానికి కాకినాడ, రాజమహేంద్రవరం, హైదరాబాద్ వెళ్లి, పళ్లకు సొంత ఊరి సమీపంలో చూపించుకోవడం మామూలే. గల్ఫ్‌లో ఉండగా మందు తీసుకుని వచ్చినవారూ ఉంటారు. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన నెల, చివరి సూది తేదీ ఒక కాగితంపై రాసి దంత వైద్యునికి చూపాలి. మందు ఆపి ఏళ్లు గడిచినా చెప్పాలి.

ఇంప్లాంటు వద్దనుకుంటే బ్రిడ్జి, తీసిపెట్టుకునే కట్టుడు పళ్లు ఉన్నాయి. అవి చిగురును ఒరుసుకోకుండా సరిచేయించుకోవాలి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

పన్ను తీసిన చోటు వారాలు గడిచినా మానకపోవడం, ఎముక గరుకుగా నాలుకకు తగలడం, చీము, వాపు, కింది పెదవి మొద్దుబారడం, గట్టిగా ఉన్న పన్ను కదలడం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. అమలాపురంలో కిమ్స్ దంత వైద్య కళాశాల ఉంది. రాజోలు వైపు వారికి చించినాడ వంతెన మీదుగా భీమవరంలోని విష్ణు దంత వైద్య కళాశాల, కొత్తపేట వైపు వారికి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం సమీపంలోని జీఎస్ఎల్ దంత వైద్య కళాశాల అందుబాటులో ఉన్నాయి. తొలిదశలో గుర్తిస్తే నోరు పుక్కిలించే మందులు, యాంటీబయాటిక్స్‌తోనే చాలామందిలో సమస్య అదుపులోకి వస్తుంది. ముదిరితే దెబ్బతిన్న ఎముకను శస్త్రచికిత్సతో తొలగించవలసి రావచ్చు.