మగ్గం ఉన్న ఇల్లు: చేనేత బీమా పథకాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
చేనేత కుటుంబానికి ఇల్లే నివాసం, ఇల్లే కర్మశాల. ఈ ద్వంద్వ స్వభావాన్ని కార్మిక చట్టాలు, బీమా పథకాలు ఏ మేరకు గుర్తించాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. 1990ల చివర ఇంటికీ, మగ్గానికీ, నూలుకూ వర్తించిన బీమా 2003 తరువాత మనిషి ప్రాణానికీ ఆరోగ్యానికీ పరిమితమైందని, ఆ మార్పులో గృహోత్పత్తి సాధనాలు రక్షణ పరిధి నుండి తొలగిపోయాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: చేనేత, గుంట మగ్గం, గృహోత్పత్తి, బీమా, మాస్టర్ వీవర్, రాజోలి.

1. ఉపోద్ఘాతం:
2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 31.45 లక్షల చేనేత కుటుంబాలున్నాయి. వీరిలో అత్యధికులు ఇంటివద్దనే పనిచేస్తారు. తెలుగు ప్రాంతాలలో విస్తృతంగా కనిపించే గుంట మగ్గం ఇంటి నేలలో భాగం. నేతగాడు నేలపై కూర్చొని, గుంటలోకి కాళ్ళు దించి చెక్కలు తొక్కుతాడు. వానకాలంలో గుంటలో ఊట నీరు చేరితే పని ఆగిపోతుంది. గంజి పెట్టిన పడుగు తేమకు పాడవుతుంది. ఒక పడుగుపై అనేక చీరలు నేస్తారు కనుక పడుగు చెడితే నష్టం ఒక్క చీరతో పోదు. వరద వస్తే నేలలో పాతిన మగ్గాన్ని అప్పటికప్పుడు తరలించడం సాధ్యం కాదు. కాబట్టి ఇంటికి కలిగే ప్రతి నష్టమూ వృత్తికి కలిగే నష్టమే.

2. చట్టం దృష్టిలో పనిస్థలం:
1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం యజమాని-కార్మిక సంబంధంపై ఆధారపడింది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం కర్మాగారాన్ని ప్రాతిపదికగా గ్రహించింది. ఇంట్లో నేసేవారు ఈ రెండు చట్రాలలోనూ ఇమడలేదు. డా. పి.జె. థామస్ అధ్యక్షతన ఏర్పడిన నిజనిర్ధారణ సంఘం 1942 నాటి నివేదికలో స్వతంత్ర నేతగాళ్ళను, మాస్టర్ వీవర్ల కింద పనిచేసేవారిని వేరువేరుగా గుర్తించింది. ఈ విభజన బీమాకు అత్యంత కీలకం. ఒక వస్తువు పోతే ఎవరికి నష్టమో వారికే దానిపై బీమా హక్కు ఉంటుందన్నది బీమా శాస్త్రంలో మౌలిక సూత్రం. మాస్టర్ వీవర్ పద్ధతిలో నూలు పెట్టుబడిదారునిది, ఇల్లు నేతగానిది, మగ్గం ఒక్కొక్కచోట ఒక్కొక్కరిది. ఒకే గదిలోని మూడు వస్తువులకు ముగ్గురు హక్కుదారులు ఉండవచ్చు. ఇంటి నేతగానికి బీమా కల్పించడంలోని చిక్కు ఇక్కడే మొదలైంది.

3. ఇంటిని గుర్తించిన ఘట్టం:
ఏడవ పంచవర్ష ప్రణాళికా కాలంలో కేంద్రం చేపట్టిన కర్మశాల సహిత గృహ నిర్మాణ పథకం నివాసాన్నీ పనిస్థలాన్నీ ఒకే కప్పు కింద అంగీకరించింది. తొమ్మిదవ ప్రణాళికా కాలంలో (1997-2002) యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా అమలైన చేనేత కార్మికుల నూతన బీమా పథకం అదే దృక్పథాన్ని బీమాలోకి తెచ్చింది. వరద, అగ్నిప్రమాదం, భూకంపం వంటి వాటివల్ల ఇంటికి, ఇంటిలోని మగ్గానికి, ముడిసరుకుకు కలిగే నష్టం, వైద్యవ్యయం, ప్రమాద మరణం ఒకే పథకంలో చేరాయి. చేనేత బీమా చరిత్రలో ఇల్లు, పనిముట్టు, మనిషి ఒక్కటిగా కనిపించిన ఘట్టమిది.

4. మనిషికి పరిమితమైన బీమా:
2003 డిసెంబరులో బునకర్ బీమా యోజన ప్రారంభమైంది. తరువాత అది మహాత్మాగాంధీ బునకర్ బీమా యోజనగా మారింది. పదకొండవ ప్రణాళికా కాలంలో వార్షిక ప్రీమియం రూ. 330. అందులో కేంద్రం రూ. 150, భారతీయ జీవిత బీమా సంస్థ రూ. 100, నేతకార్మికుడు రూ. 80 భరించేవారు. సహజ మరణానికి రూ. 60,000, ప్రమాద మరణానికి రూ. 1,50,000 చెల్లింపు ఉండేది. 2005-06లో ఐసీఐసీఐ లాంబార్డ్ ద్వారా ఆరోగ్య బీమా కూడా మొదలైంది. ఇవి విలువైన రక్షణలే. అయితే ప్రయోజనాల జాబితాలో మగ్గం, నూలు, ఇల్లు లేవు.

ఈ మార్పుకు పాలనాపరమైన సౌలభ్యం ఒక కారణమని భావించవచ్చు. మరణాన్ని ఒక ధ్రువపత్రం నిరూపిస్తుంది. తడిసిన పడుగు విలువ తేల్చడానికి పరిశీలకుడు ఇంటికి రావాలి, ఆ నూలు ఎవరిదో నిర్ణయించాలి. తలకొక ప్రీమియంతో నడిచే సామూహిక బీమాకు ఈ శ్రమ లేదు.

ఫలితం 2009 అక్టోబరులో స్పష్టమైంది. తుంగభద్ర వరద నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని చేనేత గ్రామం రాజోలిని ముంచెత్తింది. అప్పటికి అమలులో ఉన్న బునకర్ బీమా నేతకార్మికుడు మరణిస్తేనో, అంగవైకల్యం పొందితేనో వర్తిస్తుంది. ప్రాణంతో బయటపడి మగ్గం కోల్పోయినవారికి ఆ బీమాలో చోటు లేదు. వారికి మిగిలింది ప్రభుత్వ సహాయమే. బీమా పరిహారం హక్కు, వరద సహాయం ప్రభుత్వ నిర్ణయం. ఈ రెంటి మధ్య అంతరాన్ని పథకాల చరిత్ర గమనించవలసి ఉన్నది.

5. ఇటీవలి పరిణామాలు:
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో ప్రారంభించిన నేతన్న నేస్తం సొంత మగ్గం గల కుటుంబానికి ఏటా రూ. 24,000 అందించింది. అర్హతకు మగ్గం ప్రమాణమైనా, అది నగదు సహాయమే కాని మగ్గానికి బీమా కాదు. తెలంగాణలో 2022 ఆగస్టు 7న ప్రారంభమైన నేతన్న బీమా రూ. 5 లక్షల జీవిత బీమా కల్పించింది. మొత్తం పెరిగినా పరిధి మారలేదు.

2021 ఏప్రిల్ 1 నుండి భారత్ గృహ రక్ష, భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష అనే ప్రామాణిక పాలసీలు వచ్చాయి. మొదటిది నివాసానికి, రెండవది చిన్న సంస్థల భవనానికి, యంత్రాలకు, సరుకుకు ఉద్దేశించినవి. మగ్గాన్నీ నూలునూ సూత్రరీత్యా రెండవదానిలో చేర్చవచ్చు. కానీ ఇల్లు ఒక పాలసీకి, ఇంట్లోని మగ్గం మరొక పాలసీకి చెందే ఈ విభజన గుంట మగ్గం ఉన్న ఇంటికి సహజమైనది కాదు.

6. ముగింపు:
• కార్మిక చట్టాలు కర్మాగారాన్ని పనిస్థలంగా గ్రహించడంవల్ల ఇంటి నేత వాటి పరిధికి వెలుపల నిలిచింది.
• తొమ్మిదవ ప్రణాళికా కాలపు నూతన బీమా పథకం ఇంటినీ, పనిముట్టునూ, మనిషినీ కలిపి చూసింది. 2003 తరువాతి పథకాలు మనిషిని మాత్రమే స్వీకరించాయి.
• నూలు, మగ్గం, ఇంటి యాజమాన్యాలు వేరు కావడం బీమాకు ప్రధాన అవరోధం. నూలుకు మాస్టర్ వీవర్ లేదా సహకార సంఘం, మగ్గానికి, ఇంటికి ప్రభుత్వ వాటాతో నేతగాడు బీమా చేయించే ఏర్పాటు పరిశీలనార్హం.

నేతగాని మరణానంతరం కుటుంబానికి అందే పరిహారం అవసరమే. బ్రతికి ఉన్న నేతగాడు మరునాడు తిరిగి మగ్గమెక్కడానికి అవసరమైన రక్షణ కూడా బీమాలో భాగమైనప్పుడే అది వృత్తికి బీమా అవుతుంది.