పెళ్ళయితే పని పోవాలా?

ఇంట్లో ఆడపిల్లకు సంబంధం కుదిరిందంటే అందరికీ సంబరమే. మరి ఆ పెళ్ళి వల్లనే పిల్ల ఉద్యోగం ఊడిపోతుందంటే ఏమంటారు? బొంబాయిలో ఇంటర్నేషనల్ ఫ్రాంచైజెస్ అనే కంపెనీ వుండేది. దాని మందుల విభాగంలో పనిచేసే స్త్రీ పెళ్ళి చేసుకుంటే చాలు, ఆమె ఉద్యోగం దానంతటదే రద్దయినట్టు లెక్క. ఆవిడ చేసిన తప్పేమిటని అడిగే ప్రసక్తే లేదు.

యాజమాన్యం చెప్పిన కారణం వినండి. అక్కడ పని జట్లుగా సాగుతుందట. ఒకరు రాకపోతే జట్టంతా కుంటుపడుతుందట. పెళ్ళయినవాళ్ళు మాటిమాటికీ నాగాలు పెడతారట! బొంబాయి లేబర్ యూనియన్ ఈ నిబంధన తీసెయ్యమని ట్రిబ్యునల్‌కు వెళ్ళి ఓడిపోయింది. అయినా వదలకుండా సుప్రీం కోర్టు దాకా పోయింది. 1965 అక్టోబరు 28న కోర్టు నిబంధనను కొట్టివేసింది. పెళ్ళికాని పిల్లకూ, వితంతువుకూ లేని నాగా పెళ్ళయినామెకే ఎక్కడినుంచి వస్తుందని తర్కించింది. తేడా అల్లా ప్రసూతి సెలవే. దానికి అదనంగా కొందరిని పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నది. సంసారం చేసిన ఏ ఇల్లాలైనా చెప్పే మాటే ఇది!

మరి ఈ గొడవ యూనియన్ నెత్తిన ఎందుకు వేసుకుంది, ఆ అమ్మాయిలే కోర్టుకు పోవచ్చుగా అంటారేమో. అక్కడే వుంది చిక్కు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఒంటరి మనిషి తగవు 'వివాదం' కాదు. యూనియనో, తోటి కార్మికులు కొందరో భుజాన వేసుకుంటేనే అది లెక్కకు వచ్చేది. యూనియన్ లేనిచోట, ఉన్నా ఆడవాళ్ళ గోడు పట్టనిచోట, పని పోయిన మనిషి నోరు మూసుకోవలసిందే. పై తీర్పు వచ్చిన నెల రోజులకు, 1965 డిసెంబరు 1 నుంచి, ఆ లోపం సవరించారు. డిస్మిస్ అయిన ఒక్క మనిషి తగవు కూడా వివాదమే అన్నారు.

అయినా నేరుగా లేబర్ కోర్టు మెట్లెక్కడానికి వీల్లేదు. ముందు రాజీ ప్రయత్నం జరగాలి, అది విఫలమైతే ప్రభుత్వం తలచుకుని కేసు పంపాలి. జీతం ఆగిన ఇంట్లో పచారీ కొట్టువాడు అంతకాలం అప్పు పెడతాడా? ఈ విషయంలో మన ఆంధ్రప్రదేశ్‌ను మెచ్చుకోవాలి. 1987లో చట్టాన్ని సవరించి, కార్మికుడు తానే లేబర్ కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చునన్నది. దేశమంతటికీ ఆ వెసులుబాటు 2010లో గాని రాలేదు.

ఇంకొక తీర్పు చెప్పాలి. ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌లు మొదటి కాన్పు సూచన కనబడగానే ఉద్యోగం వదులుకోవాలని నియమం వుండేది. 1981 ఆగస్టులో సుప్రీం కోర్టు దాన్ని స్త్రీ జాతికే అవమానమని కొట్టివేసింది. అయితే చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే తీసెయ్యవచ్చునన్న నియమాన్ని మాత్రం నిలబెట్టింది! ఈ రెండోది నాకు ఎంతకూ మింగుడుపడదు.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఉద్యోగం పోయినామె ముందు రాజీ అధికారికి అర్జీ పెట్టుకోవాలి. నలభై అయిదు రోజుల్లో తేలకపోతే తానే ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. కాని తీసేసిన నాటినుంచి రెండేళ్ళు దాటకూడదు. పాత చట్టంలో మూడేళ్ళుండేది, ఒక ఏడాది తగ్గింది. అందుకని చేరినప్పటి ఉత్తరువూ, జీతం చీటీలూ, తీసేసిన కాగితమూ పట్టుచీరల అడుగున భద్రంగా దాచుకోండి. "అత్తయ్యగారు ఏమనుకుంటారో" అంటూ నెలలు గడపకండి.

ఇంట్లో చేసే పని మాత్రం ఈ కోడ్ లెక్కలో 'పరిశ్రమ' కాదు. మనింట్లో అంట్లు తోమే మనిషిని "రేపటినుంచి రావద్దు" అంటే ఆమె ఈ ట్రిబ్యునల్ గుమ్మం ఎక్కలేదు.