ముక్కున బుట్టు రాచపుండు: మందుల చరిత్ర

ముక్కునందును దాని చుట్టునున్న యెముకగూళ్ళయందును బుట్టిన రాచపుండు ముదిరెనేని కత్తియొక్కటియే చాలదు. కన్నును మెదడును దాపుననే యుండును. మరి మందుల చికిత్స యెట్లు వచ్చెను?

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకేగి, లెడర్లీ పరిశోధనాలయమున సహచరులతోగూడి అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచిరి. దానివలన రక్తపు రాచపుండుగల పిల్లలకు కొంతకాలము ఉపశమనము గలిగెనని 1948లో ఫార్బరు వైద్యుడు ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు పిదప తల, మెడల పుండ్లకును వాడబడెను. 1978లో అమెరికాలో అనుమతి బొందిన సిస్ప్లాటిన్ నేడు ముఖ్యమైన మందు. అయినను అది శస్త్రమునకును కిరణచికిత్సకును తోడేగాని మారుగాదు.

పటాన్‌చెరు ప్రాంతమున మందుల కర్మాగారములు పెక్కు గలవు. కాని మందు చేరువనున్నంతనే రోగము తెలియదు. కర్రపొడిలోను తోలుధూళిలోను పలువత్సరములు పనిచేయువారికి ఈ వ్యాధిభయ మధికము. ఒకవైపుననే ముక్కు మూసికొనుట, నెత్తురు కారుట మానకున్నచో పడిశమని యుపేక్షింపక, వారిని వెంటనే వైద్యునికడకు బంపుడు.