రొసెటో వారి గుండె గుట్టు

గుండెజబ్బు మాట వినగానే మనం ముందు వంటింటి మీద పడతాం. నెయ్యి మానెయ్యమంటాం, వేపుళ్లు తగ్గించమంటాం. తప్పేం లేదు. కానీ పంది కొవ్వులో వేయించుకు తిని, చుట్టలు కాల్చి, కులాసాగా ముసలివాళ్లయిన జనం ఒక ఊళ్లో ఉండేవారు. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంది ఆ ఊరు. పేరు రొసెటో.

ఇటలీలోని రొసెటో వాల్‌ఫోర్టోరె అనే కొండ ఊరి నుంచి 1882లో కొందరు బతుకుతెరువు కోసం వచ్చి, అక్కడి పలకరాయి గనుల్లో కూలికి చేరారు. వెనకే అన్నదమ్ములూ మేనమామలూ వియ్యాలవారూ వచ్చారు. కొత్త ఊరికి సొంతూరి పేరే పెట్టుకున్నారు. పక్కనున్న బాంగర్‌లో ఇంగ్లండు, వేల్సుల నుంచి వచ్చినవాళ్లుండేవారు. వాళ్లు వీళ్లని కలుపుకోలేదు. దాంతో వీళ్లు ఒకరినొకరు మరీ అంటిపెట్టుకున్నారు.

1950ల చివర్లో స్టువర్ట్ వూల్ఫ్ అనే డాక్టరు వేసవి గడపడానికి ఆ చుట్టుపక్కలకి వచ్చాడు. పదిహేడేళ్లుగా అక్కడ వైద్యం చేస్తున్న డాక్టరొకాయన మాటల మధ్య అన్నాడట, రొసెటోలో అరవై ఐదేళ్లలోపు వాళ్లకి గుండెజబ్బు రావడం చాలా అరుదని. వూల్ఫ్ వదల్లేదు. 1961లో పరిశోధన మొదలెట్టాడు. మరణాల రికార్డులు తిరగేశారు, ఊరందరికీ పరీక్షలు చేశారు. 55 ఏళ్లలోపు గుండెపోటు చావులు దాదాపు లేవు. 65 దాటిన మగవాళ్లలో దేశం మొత్తం మీది లెక్కలో సుమారు సగం. తిండి సంగతి చూస్తే కేలరీల్లో 41 శాతం కొవ్వే! నీళ్లూ, డాక్టర్లూ, ఆస్పత్రీ బాంగర్ వాళ్లకున్నవే. పోనీ రక్తంలోనే ఉందా అంటే, వేరే ఊళ్లలో స్థిరపడిన వీళ్ల బంధువులకి ఆ రక్షణ లేదు.

వూల్ఫ్‌తో కలిసి పనిచేసిన జాన్ బ్రూన్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు ఊరి బతుకుని పరిశీలించాడు. చాలా ఇళ్లలో ఒకే కప్పు కింద మూడు తరాలు. రెండువేలమంది లేని ఊళ్లో 22 సంఘాలు. సాయంత్రం వీధిలో నిలబడి కబుర్లు. ముసలివాళ్ల మాటకి విలువ. డబ్బున్నవాడు డాబు చూపించడం మర్యాద కాదు.

ఆడవాళ్లు మాత్రం పగలంతా బ్లౌజుల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసి, ఇంటికొచ్చి వంటకి దిగేవారు. ఐకమత్యమని పుస్తకాల్లో రాసేదాంట్లో సగం వీళ్ల రెక్కల కష్టమేనని నా అనుమానం. అలాంటి ఊళ్లో రహస్యమంటూ దాగదు కూడానూ. కొత్తకోడలికి ఊపిరాడేదో లేదో ఏ డాక్టరూ కొలిచినట్టు లేదు.

ఊరు చిన్నది, పదిమంది అటూఇటూ అయితే లెక్కే మారిపోతుందని వాదించినవాళ్లున్నారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. అయితే పరిశోధకులు ముందే ఒకమాట చెప్పి ఉంచారు. ఈ కట్టు సడలితే గుండెలూ అందరి గుండెల్లాగే అవుతాయని. అప్పటికే పిల్లలు కాలేజీలకి వెళ్లారు, బయటి సంబంధాలు చేసుకున్నారు. కార్లొచ్చాయి, ఊరి చివర పెద్ద పెద్ద ఇళ్లు లేచాయి, వాటి చుట్టూ కంచెలు లేచాయి. 1971లో, నలభై ఐదేళ్లు నిండని మనిషి గుండెపోటుతో పోవడం ఆ ఊరు మొదటిసారి చూసింది. 1935 నుంచి 1985 దాకా రెండూళ్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి 1992లో ఒక వ్యాసం వచ్చింది. అప్పటికి రొసెటోకీ బాంగర్‌కీ తేడా మిగల్లేదు.