కథానిలయం: కథకో నమోదు

శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయం 1997 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచింది. దాన్ని నెలకొల్పిన కాళీపట్నం రామారావు 1924లో శ్రీకాకుళం జిల్లాలోని మురపాకలో పుట్టి, విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కథకుడు. పాఠకలోకానికి ఆయన కారా మాస్టారు. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం సొమ్మును ఈ పనికే పెట్టారు. తెలుగులో అచ్చయిన కథలన్నిటినీ ఒకచోటికి చేర్చాలన్నది సంకల్పం. చేర్చడంతో సగం పని అవుతుంది. అడిగిన కథను తీసి అడిగినవారి చేతిలో పెట్టడం మిగతా సగం, అదంతా పట్టిక మీద ఆధారపడి ఉంటుంది.

మామూలు గ్రంథాలయానికి ఈ చిక్కు అంతగా ఉండదు. పుస్తకాలను అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అంకె ఉంది. దాని పక్కన కథాసాహిత్యానికి 3 చేర్చి, రచయితల పేర్ల వరుసలో బీరువాలో సర్దితే సంపుటాల వరకూ సరిపోతుంది. సంపుటాలకెక్కని కథల సంగతి వేరు. అవి భారతిలోనో, ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వారపత్రికల్లోనో, యువ, జ్యోతి మాసపత్రికల్లోనో వచ్చి అక్కడే ఉండిపోయాయి. సంచిక మీద అంకె వేసి లోపల పెట్టేస్తే అందులోని కథలు మళ్లీ కంటపడవు. అందుకే ఇక్కడ పుస్తకాన్ని బట్టి కాకుండా కథను బట్టి లెక్క రాయాలి. బడి లైబ్రరీల్లో వీడియో క్యాసెట్లు, డిస్కులు సర్దేవారికీ ఇదే ఇబ్బంది. ఒకే డిస్కులో ఆరు పాఠాలుండి, పైన అతికించిన చీటీ మీద ఒక్కదాని పేరే ఉంటే మిగతా అయిదూ లేనట్టే. పుస్తకాన్నయితే నిలబడి తిరగేయొచ్చు. డిస్కుకు చీటీయే దిక్కు.

‘దిద్దుబాటు’ కథ నమోదు ఎలా ఉండాలో చూస్తే పని స్వరూపం తెలుస్తుంది. రచయిత గురజాడ వేంకట అప్పారావు, పత్రిక ఆంధ్రభారతి, కాలం 1910 ఫిబ్రవరి. తర్వాత అది ఏయే సంపుటాల్లో, సంకలనాల్లో చేరిందో ఆ వివరాలన్నీ ఈ నమోదు కిందికే రావాలి. లేకపోతే ఒకే కథ పది కథలుగా లెక్కకొస్తుంది. తేదీ వేయడం తేలికనిపిస్తుంది గానీ, కొన్ని పాత సంచికల్లో తెలుగు సంవత్సరం, మాసం తప్ప వేరే గుర్తు దొరకదు. 1910 ఫిబ్రవరి నాటికి నడుస్తున్నది 1909 ఉగాదికి మొదలైన సౌమ్య సంవత్సరం, 1910 ఉగాదితో సాధారణ వచ్చింది. అరవై ఏళ్లు తిరిగాక 1969లో మళ్లీ సౌమ్యే, కాబట్టి పేరొక్కటే కాలం తేల్చదు. అట్ట ఊడిపోయిన సంచిక చేతికొస్తే లోపలి ప్రకటనలు, ధరలు, కాగితం చూసి కాలం తేల్చుకోవలసిందే.

ఈ పట్టింపు వృథా కాదు. చాలాకాలం ‘దిద్దుబాటు’నే తొలి తెలుగు కథగా చెప్పుకున్నారు. పాత పత్రికలు వెతికిన కొద్దీ అంతకు ముందటివి బయటపడ్డాయి. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లోనే హిందూసుందరి పత్రికలో అచ్చయింది.

పేర్ల దగ్గర ఇంకా ఓపిక కావాలి. గ్రంథాలయాల ఆనవాయితీ ఇంటిపేరు ముందు రాయడం. పాఠకులు మాత్రం రాచకొండ విశ్వనాథశాస్త్రిని రావిశాస్త్రి అనీ, విజయనగరం చాగంటి సోమయాజులును చాసో అనీ అడుగుతారు. కథలన్నీ ఒక పేరు కింద ఉంచి, రెండో పేరు దగ్గర ఫలానా చోట చూడమని రాస్తే ఎలా అడిగినా దారి దొరుకుతుంది. బీనాదేవి విషయంలో కలం పేరునే అసలు చోటుగా ఉంచాలి. బి. నరసింగరావు, బాలాత్రిపురసుందరమ్మ దంపతులు కలిసి ఆ పేరుతో రాశారు కనుక, ఇద్దరి పేర్ల దగ్గరా దానికి దారి చూపాలి. అక్షరాల తేడాలు మరో తలనొప్పి: వేంకట, వెంకట, ప్రొద్దు, పొద్దు, పాత అచ్చులోని అరసున్న, బండి ర. అచ్చయిన రూపాన్ని అలాగే ఉంచి, వెతకడానికి నేటి రూపం పక్కన రాయడం మేలు.

మనసు ఫౌండేషన్ సహకారంతో పాత పత్రికల పేజీలు స్కాన్ అయ్యాయి. కథానిలయం వెబ్‌సైట్ వచ్చాక శ్రీకాకుళం రాలేనివారికీ ఈ సేకరణ అందుబాటులోకి వచ్చింది. అయితే స్కాన్ చేసిన పేజీ ఒక బొమ్మ మాత్రమే. కథ పేరు, రచయిత, పత్రిక, నెల ఒక మనిషి కూర్చుని టైపు చేస్తేనే అది వెతుకులాటలో తేలుతుంది.

కారా మాస్టారు 2021 జూన్ 4న కన్నుమూశారు. పట్టిక పని ఆయనతో ముగిసేది కాదు. పత్రికల వారీగా దొరికిన సంచికలు రాసుకుంటూ పోతే దొరకనివేవో కూడా ఖాళీ గళ్లుగా కనిపిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఇంటి అటక మీదున్న పాత కట్టలోనైనా వాటిలో ఒకటి ఉండొచ్చు. అట్ట లేకపోయినా, విడి పేజీలే మిగిలినా, పేజీ పైన పత్రిక పేరూ నెలా కనిపిస్తే చాలు, నమోదుకు పనికొస్తాయి.