రేడియో లైసెన్సు నుంచి వై-ఫై దాకా

నేను 1968లో తపాలా శాఖలో గుమాస్తాగా చేరాను. కౌంటరులో కూర్చున్న ఆ తొలి రోజుల్లో స్టాంపులు, మనియార్డర్లతో పాటు రేడియో లైసెన్సు పుస్తకాలు కూడా నా చేతుల మీదుగా వెళ్లేవి. ఇంట్లో రేడియో ఉన్నవారు ఏటా వచ్చి రుసుము కట్టేవారు. మేము పుస్తకంలో స్టాంపు అంటించి ముద్ర వేసి ఇచ్చేవాళ్లం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడం అప్పట్లో నేరం. మన సభ్యుల్లో చాలామందికి ఆ పుస్తకాలు గుర్తుండే ఉంటాయి. 1980లలో ఆ లైసెన్సు ఎత్తివేశారు.

ఇప్పుడు మా ఇంట్లో పాటలన్నీ వెనక గదిలోని కంప్యూటరులో ఉన్నాయి. నేను వరండాలో కుర్చీ వేసుకుని వింటాను. మధ్యలో తీగ లేదు, లైసెన్సు అడిగేవారూ లేరు. ఇంత మార్పు ఎలా వచ్చిందో, దానితో నాకు జరిగిన నష్టమేమిటో మిత్రులకు చెప్పాలనిపించింది.

ముందు పాటను దాచుకోవడం గురించి. మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. గౌహర్ జాన్ పాడినది అప్పుడే. ఆ 78 రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల పాట పట్టేది. 1948లో ఎల్‌పీ, 1963లో క్యాసెట్, 1982లో సీడీ వచ్చాయి. సీడీతో పాట అంకెలుగా మారింది. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి ఆ కొలతలను రాసుకుంటారు. ఆ లెక్కన సెకనుకు పద్నాలుగు లక్షల పైచిలుకు బిట్లు అవుతాయి. జర్మనీలో రూపుదిద్దుకుని 1990లలో వ్యాపించిన ఎంపీ3 పద్ధతి, చెవికి ఆనని భాగాలను వదిలేసి ఆ భారాన్ని పదకొండో వంతుకు దించింది.

ఇక గాలిలో పంపడం గురించి. 1985లో అమెరికా ప్రభుత్వం కొన్ని రేడియో తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 1997లో ఇళ్లకు, ఆఫీసులకు పనికొచ్చే వైర్‌లెస్ ప్రమాణం ఏర్పడింది. 1999లో దాని వేగం సెకనుకు కోటీ పది లక్షల బిట్లకు పెరిగింది. వై-ఫై అనే పేరు కూడా ఆ ఏడే పెట్టారు. పాట ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లడానికి ఆ వేగం చాలు. 2003లో అమెరికాలోని స్లిమ్ డివైసెస్ సంస్థ స్క్వీజ్‌బాక్స్ అనే పెట్టెను తెచ్చింది. కంప్యూటరులోని పాటను వై-ఫై ద్వారా అందుకుని, పక్కనున్న స్పీకర్లకు ఇవ్వడం దాని పని. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు లైసెన్సు మినహాయింపు 2005 జనవరిలో వచ్చింది. ఏ 1933 చట్టం కింద మేము రేడియోలకు ముద్రలు వేశామో, ఆ చట్టం కిందే ఈ మినహాయింపూ ఇచ్చారు!

ఇది పనిచేసే తీరు మన శాఖవారికి ఇట్టే అర్థమవుతుంది. పాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు చిరునామా, వరుస సంఖ్య వేసి పంపుతారు. రిజిస్టరు ఉత్తరానికి వచ్చినట్టే రసీదు తిరిగి వస్తుంది. రాకపోతే ఆ ముక్క మళ్లీ వెళుతుంది. అవతలి పెట్టె కొన్ని సెకన్ల పాటను ముందే తెచ్చిపెట్టుకుంటుంది కాబట్టి మనకు ఆ ఆలస్యం తెలియదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 1979లో మా అమ్మాయి బారసాలనాడు మా అమ్మ పాడిన లాలిపాటను ఒక క్యాసెట్‌లో పట్టాం. అమ్మ గొంతు మాకు మిగిలింది అందులోనే. 2006లో నా క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. ఇల్లు ఖాళీ అవుతుందన్న సంతోషంలో క్యాసెట్లను పాత సామాన్ల వాడికిచ్చేశాను. 2011లో ఒక ఉదయం కంప్యూటరులోని హార్డ్‌డిస్కు కరకరమని ఆగిపోయింది. రిపేరు చేసేవాళ్లు కూడా చేతులెత్తేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఫోను చేస్తే మా అమ్మాయి, "నాన్నా, మీరు అప్పుడు సీడీ చేసి పంపారు కదా, నా బీరువాలో ఉంది" అంది. పంపిన సంగతి నేనే మరిచిపోయాను. లాలిపాట దక్కింది. మిగిలిన వాటిలో చాలా పోయాయి.

ఇవాళ చందా కడితే ఏ సినిమా పాటైనా ఫోనులో దొరుకుతుంది. మన ఇంటి గొంతులు మాత్రం ఏ కంపెనీ దగ్గరా దొరకవు. మీ క్యాసెట్లను పిల్లల చేత ఎక్కించుకోండి. రెండు నకళ్లు తీయించి, రెండోది వేరే ఊళ్లో ఉంచండి. అసలు క్యాసెట్టును పారేయకండి. ఆఫీసులో ప్రతి కాగితానికీ నకలు ఉంచిన మనం, ఇంట్లో ఆ పని మరవకూడదు.

మొన్న సంక్రాంతికి మునిమనవరాలిని ఊయలలో వేసి, అందరం వరండాలో కూర్చుని ఆ పాట విన్నాం. పాట అయ్యేలోపే పాప నిద్రపోయింది.