తిన్నెవెల్లి సునాముఖి

సాత్తూరు అనగానే బయటివారికి కారసేవు, లేత దోసకాయలు గుర్తుకు వస్తాయి. కాస్త వయసు మళ్ళినవారికి పెన్ను పాళీలు కూడా జ్ఞాపకం ఉంటాయి. ఈ మూడింటికంటె చాలా దూరం ప్రయాణం చేసిన సరుకు మరొకటి మన నల్లరేగడిలో ఉన్నది. ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగినా ఆ సంగతి నాకు బ్యాంకు ఉద్యోగంలో చేరేదాకా తెలియదు.

1997లో కోవిల్‌పట్టి వైపు ఒక శాఖలో పనిచేస్తున్నాను. ఒక పెద్దాయన పంట అప్పు కోసం వచ్చాడు. మన తెలుగే మాట్లాడాడు. ఏ పంట అని అడిగితే "అవురి" అన్నాడు. తెలుగులో అవిరి అంటే నీలిమందు చెట్టు. తమిళంలోనూ అవురికి అసలు అర్థం అదే. నేను తెలివిగా దరఖాస్తులో "నీలి" అని వ్రాశాను. మేనేజరు గారు కాగితం చూసి, "ఏమండీ, దొరలు పోయి యాభై ఏళ్ళయింది, ఇంకా నీలిమందుకు అప్పులిస్తున్నామా?" అని పకపకా నవ్వారు. మరునాడు పెద్దాయన తువాలు కొంగున నాలుగు రెమ్మలు కట్టుకొని వచ్చి నా బల్లమీద పెట్టాడు. "సార్, ఇది నేలతంగేడు. విరేచనాల ఆకు. తూత్తుకుడి ఏజెంట్లు సెన్నా అంటారు. మేమే అవురి అంటాము" అన్నాడు. మా పంటల జాబితాలో పత్తి ఉంది, మిరప ఉంది, జొన్న ఉంది, సెన్నా లేదు. చివరకు "ఇతర పంటలు" అనే గడిలో వేసి అప్పు ఇప్పించాము.

ఆ రోజునుంచి ఈ ఆకు చరిత్ర వెతకడం నాకొక వ్యసనమైంది. కామర్సు చదివినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. సరుకు ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అనే దృష్టితోనే చూశాను.

దీని పేరు సునాముఖి. తంగేడుకు దగ్గర చుట్టం, నేలకు తగ్గి పెరుగుతుంది గనుక మనవాళ్ళు నేలతంగేడు అన్నారు. తమిళులు నిలవాగై అంటారు. సంస్కృతంలో స్వర్ణపత్రి. ఇన్ని దేశి పేర్లు చూసి ఇది చరకుని కాలంనాటి మందు అనుకుంటాము. కాదు. చరక సంహితలో సుఖంగా విరేచనం చేయించే వాటిలో తెగడవేరు శ్రేష్ఠమని, మృదువైన వాటిలో రేల, తీక్ష్ణమైన వాటిలో జెముడుపాలు శ్రేష్ఠమని చెప్పారు. సునాముఖి ఊసే లేదు. ఇది అరేబియా, సోమాలియా ప్రాంతాల మొక్క. "సనా" అన్నది అరబ్బీ మాట. సుమారు 9వ శతాబ్దంలో అరబ్బు వైద్యులు దీన్ని గ్రంథాలకెక్కించారు. యునానీలో దీన్ని ఇప్పటికీ సనామక్కీ అంటారు. కడుపులో మెలిపెట్టకుండా గులాబీ రేకులతో కలిపి ఇస్తారు. మన వైద్యులు అదే పనికి శొంఠి కలిపారు. ఆయుర్వేద నిఘంటువుల్లోకి ఇది ఆ తరువాతనే వచ్చింది.

ఇందులో చిన్నతనమేమీ లేదు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు పోర్చుగీసువారితో వచ్చిన సవాయి రోగానికి ఫిరంగ రోగమని పేరు పెట్టి, చీనా దేశపు చోపచీనీ వేరును దానికి మందుగా తన గ్రంథంలో చేర్చుకున్నాడు. ఆయుర్వేదం తలుపులు బిగించుకొని కూర్చోలేదు. ఏది పనిచేస్తుందో పరీక్షించి, దాని గుణం, వీర్యం నిర్ణయించి, ఒక సంస్కృత నామం ఇచ్చి తనలో కలుపుకున్నది. మనమైనా అంతే కదా! విజయనగర, నాయకరాజుల కాలాల్లో ఉత్తరాన్నుంచి వచ్చి ఈ కరిసల్‌లో పాతుకున్నవాళ్ళము. ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు 1976లో "గోపల్ల గ్రామం" నవలగా వ్రాసిన కథ మన వలస కథే. సునాముఖి మనకంటె వెనుక వచ్చిన వలసదారు, అంతే.

19వ శతాబ్దం తొలి భాగంలో తిరునెల్వేలి ప్రాంతంలో హ్యూస్ అనే ఇంగ్లీషు దొర దీన్ని సాగుచేయించి లండనుకు పంపాడు. అప్పటికి ఐరోపాలో అలెగ్జాండ్రియా సెన్నాదే రాజ్యం. ఈజిప్టులో ఆ వ్యాపారం ప్రభుత్వపు గుత్త సొత్తు. అందులో అర్ఘెల్ అనే మరో ఆకు కల్తీ కలిసేది. మన ఆకు పొలంలో పండించినది, విరగనిది, కల్తీ లేనిది. అందువల్ల గిరాకీ పెరిగింది. 1867 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలో అలెగ్జాండ్రియా సెన్నా పక్కనే ఇండియా సెన్నాగా దీనికీ చోటు దక్కింది. 1876లో మదురై నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా తూత్తుకుడికి రైలు పడింది. ఆకు బేళ్ళు నేరుగా రేవుకు చేరే దారి ఏర్పడింది.

వర్తకంలో దీని పేరు "తిన్నెవెల్లి సెన్నా". ఆ పేరు పుట్టినప్పుడు సాత్తూరు తాలూకా తిరునెల్వేలి జిల్లాలోనే ఉండేది. 1910లో రామనాథపురం జిల్లాకు మారింది, 1985లో విరుదునగర్ జిల్లాకు వచ్చింది. మరుసటి ఏడు కోవిల్‌పట్టి కూడా తిరునెల్వేలిని విడిచి కొత్త తూత్తుకుడి జిల్లాలో చేరింది. జిల్లాలు మారాయి గాని, జర్మనీలో కొనేవాడికి ఈ ఆకు ఇప్పటికీ తిన్నెవెల్లిదే.

ఈ పంటకు వాన కాస్త చాలు, ఎక్కువైతే కుళ్ళి చస్తుంది. ఈశాన్య ఋతుపవనానికి విత్తితే రెండు మూడు నెలలకు మొదటి కోత. పూత వస్తే తుంచేస్తారు, అప్పుడే ఆకు దట్టంగా వస్తుంది. కోసిన ఆకును నీడలో పలచగా పరచి వారం పది రోజులు తిరగవేస్తూ ఆరబెట్టాలి. ఎండలో వేస్తే రంగు పోయి ధర పడిపోతుంది. ఈ తిరగవేత అంతా ఆడవాళ్ళ చేతులమీదుగానే జరగడం నేను చూశాను. 1980ల తరువాత రాజస్థాన్, గుజరాత్ రైతులూ ఈ పంటలోకి దిగారు. మన ఏకఛత్రాధిపత్యం పోయింది.

ఈ ఆకు ఎలా పనిచేస్తుందో తేలడానికి చాలా కాలం పట్టింది. 1941లో స్విట్జర్లాండు బాసెల్ నగరంలో ఆర్థర్ స్టోల్ బృందం ఇందులోని సెన్నోసైడ్లను వేరుచేసింది. ఇవి పొట్టలో పనిచేయవు. పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వీటిని విడగొడితే అప్పుడు పేగు కదులుతుంది. అందుకే రాత్రి తింటే తెల్లవారి పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో కూడా సెన్నా ఉన్నది. నొప్పికి మార్ఫిన్ వాడే రోగుల మలబద్ధకానికి ఇది మేలైన మందు.

ఇంతవరకూ గర్వంగా చెప్పుకోదగ్గ కథే. ఇక మా ఇంటి సంగతి.

మా అమ్మ ఇరవై ఏళ్ళకు పైగా రోజూ రాత్రి చెంచాడు సునాముఖి చూర్ణం వేడినీళ్ళలో వేసుకొని తాగేది. "ఆకు మందు, ఆయుర్వేదం, ఏమీ చేయదు" అనేది. నేనూ అదే నమ్మాను. మొదట అర చెంచా, తరువాత చెంచా, చివరకు రెండు చెంచాలు. 2016లో ఒకనాడు పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. కాళ్ళలో సత్తువ లేదు, గుండె దడ. మదురైలో ఒక ఆసుపత్రిలో చేర్చితే రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందన్నారు. డాక్టరు, "అమ్మా, రోజూ ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే, "ఏమీ లేదయ్యా" అన్నది. అబద్ధం కాదు, ఆమె లెక్కలో చూర్ణం మందు కాదు. రెండో రోజు నేను చెప్పేదాకా వాళ్ళకు కారణం అంతుబట్టలేదు. నీళ్ళ విరేచనాల్లో ఉప్పులన్నీ కొట్టుకుపోయాయి. ఎక్కువకాలం వాడితే పేగు లోపలి పొర నల్లబారుతుందని, మానేస్తే నెలల్లో తగ్గుతుందని డాక్టరు చెప్పారు. వారం, మహా అయితే రెండు వారాలు దాటి సొంతంగా వాడకూడదట.

మా ఊరి ఆకు మా అమ్మను ఇంత పని చేసిందని కోపం వచ్చి, తరువాత ఒక ఆయుర్వేద పండితుణ్ణి నిలదీశాను. ఆయన శాంతంగా చెప్పారు: "మా శాస్త్రంలో విరేచనం పంచకర్మల్లో ఒకటి. ముందు స్నేహం, స్వేదం చేసి, మనిషిది మృదు కోష్ఠమా, మధ్యమమా, క్రూరమా చూసి, బలం చూసి, ఋతువు చూసి చేసేది. ఆ తరువాత జావతో మొదలుపెట్టి మెల్లగా భోజనానికి రానిస్తాము. ఇది కాఫీలాగా రోజూ తాగమని ఎవరు చెప్పారు?" నిజమే, ఎవరూ చెప్పలేదు. ప్యాకెట్టు మీద "మూలికలు" అన్న మాట చూసి మనమే చెప్పుకున్నాము. కడుపు శుద్ధికని అంగట్లో అమ్మే అనేక చూర్ణాల్లో ఉన్నది ఇదే ఆకు. కొనేముందు వెనుకవైపు సన్న అక్షరాలు చదవండి. సెన్నా, సనాయ్, స్వర్ణపత్రి, నిలవాగై, ఏ పేరుతో ఉన్నా ఒకటే. గర్భిణులు, పేగు జబ్బులున్నవారు, గుండెకు డిజాక్సిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ముట్టరాదు.

అమ్మకు ఆ పండితుడు మందులకంటె దినచర్య ఎక్కువ చెప్పారు. వేళకు భోజనం, పీచు ఉన్న కూరలు, రాగి, కంబు, తగినన్ని నీళ్ళు, సాయంత్రం నడక. ఆమె చేయగలిగినంతగా, పడుకొని మోకాళ్ళు పొట్టకు ఒత్తుకునే పవనముక్తాసనం. ఇది విని మా డాక్టరు కూడా తల ఊపారు. మన పక్కనే పత్తమడైలో 1887లో పుట్టిన శివానంద స్వామి మొదట ఇంగ్లీషు వైద్యం చదివి, మలయాలో ఆసుపత్రి నడిపి, ఆ తరువాత హృషీకేశం చేరి యోగాసనాల మీద పుస్తకాలు వ్రాశారు. రెండు వైద్యాలకూ పడదనేవారికి ఆయన జీవితం చూపించాలనిపిస్తుంది.

పేగు తన పని తాను చేసుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఆమె నన్ను తిట్టని రోజు లేదు. చూర్ణం డబ్బా మాత్రం పారేయనివ్వలేదు, అటకమీద పెట్టించింది. మొన్న పండక్కి ఇల్లు దులిపేటప్పుడు తీసి చూశాను. ఆకుపొడి రంగు మారి గోధుమ వన్నె అయింది. పైన కాగితం మీద ఊరి పేరు చూస్తే, ఆ పెద్దాయన పొలానికి ఆరేడు మైళ్ళ దూరం కూడా లేదు.